పని నిలిచింది, పేరు రాలింది: తిరుపతి, చిత్తూరు సీమ స్త్రీల చరిత్రపై ఒక సమీక్ష

చరిత్రలో స్త్రీలు ఎందుకు కనిపించరన్న ప్రశ్నకు పండితులు తరచుగా చెప్పే సమాధానం ఆధారాలు లేవన్నది. రాజులు తమ విజయాలను శాసనాలుగా చెక్కించుకున్నారనీ, కవులు తమ వంశాలను కావ్యాల అవతారికల్లో చెప్పుకున్నారనీ, ఇంటి లోపల బతుకు గడిపిన ఆడవాళ్ళకు ఆ రెండు అవకాశాలూ లేకపోయాయనీ ఈ వాదం సాగుతుంది. చాలా ప్రాంతాల విషయంలో ఇందులో నిజం ఉన్నా, తిరుపతి, చిత్తూరు సీమ విషయంలో మాత్రం ఈ సమాధానం చెల్లదు. తిరుమల, తిరుపతి, తిరుచానూరు ఆలయాల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పరిశోధకుల కృషి ఫలితంగా 1930వ దశకంలోనే దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. వాటిలో రాణులూ, సామంతుల భార్యలూ, ఆలయ నర్తకులూ దాతలుగా పేరుపేరునా నమోదై ఉన్నారు. తెలుగు సాహిత్యంలో తొలి కవయిత్రిగా ఎక్కువమంది అంగీకరించిన స్త్రీ తిరుమల వేంకటేశుని కొలిచిన ఇంటి కోడలు. పద్దెనిమిదో శతాబ్దిలో అందరికన్నా ఎక్కువ గ్రంథాలు రాసిన తెలుగు కవయిత్రి ఈ సీమలోనే పుట్టింది. కాబట్టి ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఆధారాలు ఉన్నాయా లేవా అన్నది కాదు, ఆధారాలు కళ్ళెదుట ఉండగా పేర్లు ఎలా రాలిపోయాయన్నది.

ఈ ప్రశ్నకు సామవై కన్నా మంచి ఉదాహరణ దొరకదు. తిరుమల ఆలయంలోని ప్రాచీన శాసనాల్లో ఆమె వేయించినవి ముఖ్యమైనవి. వాటి ప్రకారం ఆమె పల్లవ పేర్కడైయార్ అనే వ్యక్తి కుమార్తె, శక్తివిటంకన్ అనే మరో పేరు గల కాడపట్టిగళ్ భార్య. కాడవన్ పెరుందేవి అన్నది ఆమెకే ఉన్న ఇంకొక పేరు. ఆమె వెండితో ఒక విగ్రహం చేయించి, దానికి నగలు సమర్పించి, ప్రతిష్ఠ చేయించింది. ఆ విగ్రహమే నేడు భోగ శ్రీనివాసమూర్తిగా పిలుస్తున్న కౌతుకబేరం. గర్భగుడిలో కదలని మూలవిరాట్టుకు బదులుగా నిత్య పూజలందుకోవడానికి ఉంచే చిన్న విగ్రహాన్ని ఆగమ పరిభాషలో కౌతుకబేరం అంటారు. ప్రతిష్ఠతో ఆమె పని పూర్తి కాలేదు. ఆ మూర్తికి నైవేద్యాలూ, ఉత్సవాలూ ఆగకుండా జరగాలంటే ఆదాయం కావాలి కాబట్టి, తిరుచుకనూరు, అంటే నేటి తిరుచానూరు ప్రాంతంలో భూములు సంపాదించి ఆలయానికి రాసి ఇచ్చింది. ఆ రెండు భూఖండాలనూ నేటి కొలతల్లో సుమారు 10 ఎకరాలు, 13 ఎకరాలుగా లెక్కగట్టారు. పురట్టాసి మాసంలో జరిపే ఉత్సవానికి ఆమె చేసిన ఏర్పాటే తిరుమల బ్రహ్మోత్సవాలకు శాసనాల్లో దొరికే తొలి ఆధారాల్లో ఒకటి.

ఈ దానం జరిగిన కాలాన్ని ఎక్కువమంది క్రీ.శ. 966గా తీసుకుంటున్నారు. ఒకప్పుడు దీన్ని 614గా లెక్కించినవారూ ఉన్నారు. శాసనంలో శక సంవత్సరం లేకుండా రాజు పాలనలో పదునాలుగో ఏడు అని మాత్రమే ఉండడం వల్ల, ఆ రాజును ఎవరిగా గుర్తిస్తే దాన్నిబట్టి మూడు వందల యేళ్ళకు పైగా తేడా వస్తోంది. ఈ కాలనిర్ణయం మీద పండితులు పెట్టిన శ్రద్ధలో కొంతైనా సామవై మీద పెట్టలేదనడం తప్పు కాదు. ఆమెను పల్లవ రాణి అని పరిచయం చేసి ముందుకు సాగిపోవడం పరిపాటి అయింది. శాసనం చూపించే మనిషి మాత్రం అంత సులువుగా ఒక బిరుదులో ఇమడదు. విగ్రహం, నగలు, భూమి, ఆదాయం, ఉత్సవం అనే అయిదింటినీ ఒకదానితో ఒకటి ముడివేసి, తాను పోయిన తరువాత కూడా ఆగని విధంగా ఏర్పాటు చేయగలిగిన వ్యవహర్త ఆమె. భోగ శ్రీనివాసుణ్ణి మూలమూర్తితో కలిపే పట్టుదారం గురించి తెలిసిన భక్తులు ఎందరో ఉంటారు. ఆ మూర్తిని చేయించిన స్త్రీ పేరు తెలిసినవారు వారిలో ఏ కొద్దిమందో.

సామవై పేరైనా శాసనంలో నిలిచింది. ఆమె తరువాత తిరుమలకు దానాలు చేసిన కొందరు రాచ స్త్రీల విషయంలో అది కూడా జరగలేదు. రాజరాజ చోళుని కాలంలో స్వామికి బంగారు పట్టం సమర్పించిన రాణి శాసనంలో పరాంతక దేవి అమ్మన్‌గా, అంటే పరాంతకుని దేవిగా, చేర రాజు కుమార్తెగా కనిపిస్తుంది. ఆమె తండ్రి ఎవరో, భర్త ఎవరో తెలుస్తుంది కానీ ఆమెను ఇంట్లో ఏమని పిలిచేవారో తెలియదు. తరువాతి కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన యాదవరాయల ఇంటి రాణి యాదవరాయ నాచ్చియార్ కూడా అలాగే వంశం పేరుతో మాత్రమే మిగిలింది. దానం ఆమెది, గోడ మీద పేరు మగనిది అన్నట్టు సాగిన ఈ పద్ధతి రాతిలోనే మొదలైందని గమనిస్తే, నెపమంతా ఆధునిక చరిత్రకారుల మీద నెట్టేయడం న్యాయం కాదని అర్థమవుతుంది.

విజయనగర కాలానికి వచ్చేసరికి పరిస్థితి పైకి వేరుగా కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తొలిసారి తిరుమలకు వచ్చినప్పుడు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు ఆరగింపు చేయడానికి చెరొక బంగారు గిన్నె సమర్పించారు. ఉదయగిరి విజయం తరువాత 1514 జూలైలో వచ్చినప్పుడు తిరుమలదేవి చక్రపదకాన్నీ, పిరాట్టికుళత్తూరు గ్రామాన్నీ ఇవ్వగా, చిన్నాదేవి కంఠమాలనూ, ముదడియూరు గ్రామాన్నీ ఇచ్చింది. ఆలయ ప్రవేశంలో కుడివైపున చేతులు జోడించి నిలబడిన రాయల రాగి ప్రతిమకు అటూ ఇటూ ఈ ఇద్దరి ప్రతిమలూ ఉన్నాయి. ఎవరు ఎవరో తెలిసేలా వాటి భుజాల మీద పేర్లు కూడా చెక్కారు. వీరిని చరిత్ర మరిచిందని ఎవరూ అనలేరు. అయితే ఆ గ్రామాలూ నగలూ వారు తమ పేర విడిగా ఇచ్చిన దానాలన్న సంగతి శాసనాలు స్పష్టం చేస్తుండగా, రాయల దానాలు అన్న ఒక్క శీర్షిక కింద వాటిని కలిపి చెప్పడం పుస్తకాల్లో మామూలైపోయింది. దీనికి ఎదురుగా చంద్రగిరి కోటలో ఇంకో విచిత్రం ఉంది. అక్కడి రాజమహలు పక్కన ఉన్న రెండో కట్టడాన్ని అందరూ రాణీమహలు అంటారు గానీ, అది సేనానాయకుని నివాసం వంటిది అయి ఉండవచ్చని అక్కడి వివరణ ఫలకమే ఊహిస్తోంది. రాణులు చేసిన దానాల మీద వారి పేర్లు మాసిపోయాయి, బహుశా వారిది కాని కట్టడానికి రాణీ పేరు అంటుకుంది.

రాణులకన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఆలయ స్త్రీల చరిత్ర. తిరుపతి శాసనాల్లో ఎంబెరుమానడియార్ అని, సాని అని పేర్కొన్న ఈ స్త్రీలు స్వామి సన్నిధిలో పాట, నాట్యం, కైంకర్యం చేసేవారు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలం నాటికి వీరిలో హనుమసాని, లింగసాని, ముద్దుకుప్పాయి వంటివారు ఆలయ సేవికలుగానే కాక దాతలుగా కూడా కనిపిస్తారు. ఈ దానం జరిగే విధానం తెలిస్తే గానీ దాని విలువ అర్థం కాదు. దాత కొంత మొత్తాన్ని నర్పణాలలో, అంటే అప్పటి బంగారు నాణేలలో, ఆలయ ఖజానా అయిన శ్రీభండారానికి చెల్లించేవారు. ఆలయం ఆ సొమ్మును తన గ్రామాల్లో చెరువుల పూడిక తీయడానికీ, కాలువలు తవ్వడానికీ ఖర్చు పెట్టేది. నీరు పెరిగినందువల్ల అదనంగా పండిన పంటతో దాత పేరున నిత్యమో, ఉత్సవ దినాల్లోనో నైవేద్యం జరిగేది. నైవేద్యం అయిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. దీన్ని విట్టవన్ విళుక్కాడు అనేవారు. ఆ వాటాను దాత తానే తీసుకోవచ్చు, మరొకరికి ఇవ్వచ్చు, వారసులకు విడిచిపెట్టవచ్చు. తిరుపతి ఆలయం మధ్యయుగంలో సేద్యపు పెట్టుబడికి ఎలా కేంద్రమైందో బర్టన్ స్టైన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఏర్పాటునే విశ్లేషించాడు. దీన్నిబట్టి చూస్తే సాని ఇచ్చిన సొమ్ము ఏ పల్లెలోనో కాలువగా పారింది, ఆమె వాటా ప్రసాదం ఆమె ఇంటికి ఏటేటా ఆదాయంగా తిరిగి వచ్చింది. భక్తి, పెట్టుబడి, వారసత్వం మూడింటినీ ఒకే పత్రంలో నడిపిన ఈ స్త్రీలను కేవలం నర్తకులుగా చెప్పి ఊరుకోవడం చరిత్రను సగానికి కోయడమే.

ఈ స్త్రీల ప్రతిష్ఠ ఎప్పుడు మసకబారిందన్నది వేరే పెద్ద చర్చ. తమిళ దేశపు ఆలయ స్త్రీల శాసనాలను పరిశీలించి లెస్లీ ఓర్ 2000లో వెలువరించిన గ్రంథం, మధ్యయుగంలో వారి గుర్తింపుకు ఆట పాటల కన్నా దానశక్తి ముఖ్యమైన ఆధారమని వాదించింది. తిరుపతి ఆధారాలు ఈ వాదానికి బలం చేకూరుస్తాయి. కంపెనీ పాలనలో ఆలయ భూముల వ్యవహారం మారి, సంఘసంస్కరణ ఉద్యమం వచ్చి, చివరకు 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణను చట్టం ద్వారా నిషేధించే నాటికి, ఈ కుటుంబాల్లో కళ మిగిలింది గాని ఆస్తి, గౌరవం కరిగిపోయాయి. ఆ చట్టం అవసరమైనదే. పసిపిల్లలను సమర్పించే ఆచారాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆచారంతో పాటు ఆ స్త్రీల జ్ఞాపకాన్ని కూడా సిగ్గుపడవలసిన విషయంగా మార్చి పక్కన పెట్టేయడం వల్ల జరిగిన నష్టం ఇంకా పూడలేదు. కార్వేటినగరం ఆస్థానంతో ముడిపడిన సారంగపాణి పదాలు ఇందుకు నిదర్శనం. పదకర్తగా సారంగపాణి పేరు సంగీత చరిత్రలో నిలిచింది. పదాలకు అభినయం పట్టి, తల్లి నుంచి కూతురికి నేర్పుతూ వాటిని కాపాడుకొచ్చిన స్త్రీలు మాత్రం సంప్రదాయం అన్న ఒక్క మాట చాటుకు వెళ్ళిపోయారు.

సాహిత్యానికి వస్తే, తాళ్ళపాక తిమ్మక్క కథ ఆలయ చరిత్రకు దగ్గరగానే నడుస్తుంది. తిరుమలమ్మ అన్న పేరు కూడా ఉన్న ఈమె అన్నమాచార్యుల (1408–1503) భార్య. అర్జునుడు సుభద్రను పెళ్ళాడిన కథను సుభద్రా కళ్యాణం పేరుతో మంజరీ ద్విపదలో రాసింది. రెండేసి పాదాలుగా సాగే దేశి ఛందస్సు ద్విపద; అందులో ప్రాస నియమం పాటించని రకాన్ని మంజరి అంటారు. ఆడవాళ్ళు కూర్చుని పాడుకోవడానికి వీలైన ఈ రూపంలో, పురాణ కథను ఆమె తెలుగింటి పెళ్ళిగా మార్చింది. ఇరవయ్యో శతాబ్దంలో తాళ్ళపాక కవుల వాఙ్మయం వెలుగులోకి వచ్చిన తరువాతనే ఆమె పేరు విస్తృతంగా తెలిసింది. అంతవరకు తొలి తెలుగు కవయిత్రి అన్న స్థానం ఆతుకూరి మొల్లదిగా ఉండేది. ఆ స్థానం ఎవరిదన్న వాదన మీద ఖర్చయిన సిరా, కావ్యాన్ని కావ్యంగా చదవడం మీద ఖర్చు కాలేదు. అన్నమయ్య భార్య అన్న గుర్తింపు తిమ్మక్కను బతికించిన మాట నిజమే, ఆమెను ఆ గుమ్మం దాటనివ్వనిది కూడా అదే.

విజయనగర కాలంలోనే ఈ సీమతో సంబంధం గల మరొక కావ్యం సంస్కృతంలో ఉంది. 1529లో శ్రీకాళహస్తిలో పట్టాభిషేకం జరుపుకున్న అచ్యుతరాయలు వరదాంబికను పెళ్ళాడిన ఇతివృత్తంతో తిరుమలాంబ అనే ఆస్థాన విదుషి వరదాంబికా పరిణయ చంపువు రాసింది. గద్యం, పద్యం కలిసి నడిచే కావ్యాన్ని చంపువు అంటారు. ఈ గ్రంథం రాతప్రతిని తంజావూరు గ్రంథాలయంలో గుర్తించి వెలుగులోకి తెచ్చినవాడు లాహోరుకు చెందిన పండితుడు లక్ష్మణ స్వరూప్. వరదాంబిక ప్రతిమ అచ్యుతరాయల ప్రతిమ పక్కన తిరుమలలో నేటికీ ఉంది. ఆమె కథ రాసిన స్త్రీకి మాత్రం తెలుగు సాహిత్య చరిత్రల్లో అది సంస్కృత గ్రంథమైనందువల్లా, సంస్కృత సాహిత్య చరిత్రల్లో ఆమె స్త్రీ కావడం ఒక వింతగా మిగిలినందువల్లా ఎక్కడా నిలకడైన చోటు దొరకలేదు. ఆ చంపువులోని అతి దీర్ఘ సమాసం గురించి మాత్రం అందరూ చెబుతారు.

ఈ సమీక్షలో అన్నిటికన్నా క్లిష్టమైన ఉదాహరణ తరిగొండ వెంగమాంబ. ఆమెను చరిత్ర మరిచిపోలేదు. తిరుమలలో రోజూ వేలాది భక్తులు భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే ఉంది. 2011లో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ దాన్ని ప్రారంభించారు. ఆమె జీవితం మీద 2009లో సినిమా కూడా వచ్చింది. తెలియని మనిషిని మరిచిపోవడం కన్నా తెలిసిన మనిషిని కుదించడం సులువని ఆమె విషయంలో రుజువవుతుంది. 1730లో వాయల్పాడు దగ్గరి తరిగొండలో కృష్ణయ్య, మంగమ్మ దంపతులకు పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను కోల్పోయింది. విధవకు తల గొరిగించాలన్న ఆచారాన్ని ఆమె ఒప్పుకోలేదనీ, పుష్పగిరి పీఠాధిపతి ఎదుటనే వాదించి నిలిచిందనీ సంప్రదాయ కథనం చెబుతుంది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్ద ఆమె యోగవిద్య అభ్యసించింది. తరువాత తరిగొండను విడిచి తిరుమల చేరి, తుంబురు కోనలో తపస్సు చేసి, 1817లో కన్నుమూసే వరకు కొండ మీదనే ఉండిపోయింది. ఆమె సమాధి తిరుమలలోనే ఉంది.

ఆమె గ్రంథాల సంఖ్య పద్దెనిమిది దాకా ఉంటుంది. తరిగొండ నృసింహ శతకంతో మొదలై, శివనాటకం, బాలకృష్ణ నాటకం, చెంచు నాటకం, గోపీ నాటకం, ముక్తికాంతా విలాసం వంటి యక్షగానాలు, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగామృతసారం, శ్రీవేంకటాచల మాహాత్మ్యం వరకు ఆ పట్టిక సాగుతుంది. యక్షగానం అంటే దరువులు, పద్యాలు, వచనం కలిపి ఆడి పాడే నాటకం. ఒకే కవి వీధిలో ఆడే చెంచు నాటకాన్నీ, అద్వైత వేదాంతాన్ని చెప్పే వాసిష్ఠాన్నీ రాయడం పద్దెనిమిదో శతాబ్దిలో ఏ పురుష కవికైనా గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి. రాజయోగామృతసారంలో ఆమె ఎన్నుకున్న కపిల, దేవహూతి సంవాదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. అందులో కొడుకు గురువై తల్లికి సాంఖ్యాన్నీ, యోగాన్నీ బోధిస్తాడు. మోక్షశాస్త్రం అడిగి తెలుసుకునే అధికారం స్త్రీకి ఉందని పురాణమే ఒప్పుకున్న ఘట్టాన్ని, ఆ అధికారం లేదన్న సమాజంలో బతికిన విధవ, ఆడవాళ్ళు పాడుకునే ద్విపదలోకి దించింది. కంఠశోష లేని ఈ ప్రతిఘటన ఆమె తల వెంట్రుకల కథ కన్నా ఎంతో లోతైనది, అయినా వెంట్రుకల కథే ఊరూరా తిరిగింది.

వెంగమాంబ తనకు గురువులు ఓనమాలు కూడా నేర్పలేదనీ, ఛందస్సు తెలియదనీ, తరిగొండ నృసింహుడే తనచేత పలికిస్తున్నాడనీ తన కావ్యంలో చెప్పుకుంది. ఈ మాటను కొందరు ఉన్నదున్నట్టుగా తీసుకుని, చదువులేని భక్తురాలికి దైవానుగ్రహంతో కవిత్వం అబ్బిందని ప్రచారం చేశారు. తన చేత పలికించేవాడు రామభద్రుడేనని పోతన చెప్పుకున్నప్పుడు ఎవరూ ఆయనకు చదువు లేదనుకోలేదు. పురుషుడు చెబితే వినయంగా, స్త్రీ చెబితే వాస్తవంగా చదవడం విమర్శలో జరిగిన తప్పు. వాసిష్ఠం వంటి గ్రంథాన్ని తెలుగు చేయడానికి ఏ పాటి చదువు కావాలో ఆ గ్రంథాన్ని తెరిచినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. దేవస్థానం ఆమె వాఙ్మయం కోసం ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టును నడపడం మెచ్చదగిన పని. అయినా భక్తురాలి పీఠం మీద నుంచి పండితురాలి పీఠం మీదకు ఆమెను మార్చవలసిన విమర్శ ఇంకా రావలసే ఉంది.

తిరుమలలో రాత్రి చివరి సేవ అయిన ఏకాంతసేవలో ఈ చరిత్ర అంతా ఒక చోట చేరుతుంది. ధనుర్మాసం తప్ప మిగిలిన రోజుల్లో శయనింపజేసేది భోగ శ్రీనివాసమూర్తిని, అంటే సామవై చేయించిన వెండి విగ్రహాన్ని. అప్పుడు పాడేది తాళ్ళపాక వారి లాలి, ఇచ్చేది వెంగమాంబ ముత్యాల హారతి. పదో శతాబ్దపు దాత ఏర్పాటు చేసిన మూర్తికి పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి హారతి ప్రతి రాత్రీ అందుతోంది. తరిగొండ వారి హారతి అన్న నానుడి వల్ల ఒకరి ఊరి పేరైనా నిలిచింది. రెండో ఆమె పేరు ఆ సేవలో ఎక్కడా వినపడదు.

ఆధునిక కాలంలో విస్మృతి రూపం మారింది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు రవీంద్రనాథ టాగూరు 1919 ఫిబ్రవరిలో వచ్చి, జనగణమన గీతాన్ని అక్కడే ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఈ సీమలో పిల్లలకు కూడా తెలుసు. ఆ గీతానికి స్వరాన్ని కూర్చి రాతలో పెట్టడంలో తోడ్పడినది ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్. పాశ్చాత్య సంగీతంలో శిక్షణ పొందిన ఈ ఐరిష్ స్త్రీని ప్రిన్సిపాలు భార్యగా పరిచయం చేసి వదిలేస్తే ఆమె జీవితంలో తొంభై పాళ్ళు జారిపోతాయి. 1908లో ఐర్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం ఏర్పడిన సంఘం స్థాపకుల్లో ఆమె ఒకతె. ఆ పోరాటంలో జైలుకు వెళ్ళింది. 1915లో భారతదేశానికి వచ్చి, 1917లో భారత మహిళా సంఘం స్థాపనలో పాలు పంచుకుంది. అదే ఏడు డిసెంబరులో భారత స్త్రీలకు ఓటు హక్కు కావాలని భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధి బృందాన్ని కూడగట్టింది. 1922లో మేజిస్ట్రేటు పదవి చేపట్టింది, 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు కారకురాలైంది. 1930వ దశకం మొదట్లో ప్రభుత్వం ఆమెను వెల్లూరు జైలులో పెట్టింది. 1954లో ఆమె మరణించింది. విదేశీయురాలు, చదువుకున్నది, భర్తతో కలిసి ఆత్మకథ రాసుకున్నది కావడం వల్ల ఆమె జీవితం ఇంత వివరంగా దొరుకుతోంది. అదే కాలంలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి తొలితరంగా చదువుకున్న ఆడపిల్లల చరిత్ర ఇంత వివరంగా ఎవరూ రాసిపెట్టలేదు.

శాసనసభకు పోటీ చేయమని 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయను ముందుకు తోసిన వ్యక్తి కూడా మార్గరెట్ కజిన్సే. ఆ కమలాదేవి 1950వ దశకంలో శ్రీకాళహస్తి కలంకారీ పునరుద్ధరణకు పూనుకుంది. ఈ పనిలో బట్టను కరక్కాయ, బర్రె పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెట్టడం, వెదురు కలంతో బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టి తీసిన కసిమి నల్లరంగుతో గీతలు గీయడం, పటిక పూసి ఎరుపు రంగు ఎక్కించడం, మధ్య మధ్య స్వర్ణముఖిలో పారే నీటిలో ఉతకడం వంటి దశలు ఎన్నో ఉంటాయి. ఒకే బట్ట అనేక చేతులు మారుతుంది, ఆ చేతుల్లో ఆడవాళ్ళవి తక్కువేమీ కావు. బహుమతి మాత్రం బొమ్మ గీసిన వ్యక్తి పేరు మీద వస్తుంది. ఇది ఎవరి కుట్రా కాదు; పనిని దశలుగా పంచి, కీర్తిని ఒక దశకే కట్టబెట్టే పద్ధతి ఏ వృత్తిలోనైనా ఇదే ఫలితాన్ని ఇస్తుంది.

ఇంకా కింది మెట్టున మాతమ్మలు ఉన్నారు. చిత్తూరు సీమలోని దళిత వాడల్లో పసిపిల్లకు జబ్బు చేస్తే మాతమ్మ దేవతకు మొక్కి ఆ పిల్లను సమర్పించడం, తరువాత ఆమె జాతరల్లో ఆడుతూ, పెళ్ళి లేకుండా, దోపిడీకి గురవుతూ బతకడం చాలాకాలం సాగిన ఆచారం. 1988లో ఆంధ్రప్రదేశ్ చేసిన దేవదాసీ నిషేధ చట్టం దీనికీ వర్తిస్తుంది. వీరిని గురించి రాసినవారు బాధితులుగానే రాశారు. అది అవసరం కూడా. అయితే జాతర పాటలూ, డప్పు దరువుకు తగ్గ ఆటా, గంగమ్మ కథలూ వీరి నోటనే ఉన్నాయని గుర్తించి వాటిని భద్రపరిచే పని వెనకబడింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం పత్రికలకు ఏటా బొమ్మలుగా దొరుకుతుంది. ఆ గుళ్ళలో పూజ చేసిన స్త్రీల స్థానం, గుడి నిర్వహణ మారుతున్న కొద్దీ ఎలా కుంచించుకుపోయిందన్న విషయం మాత్రం జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా పరిశోధకురాలు 2013లో ప్రచురించిన గ్రంథం దాకా అంతగా చర్చకు రాలేదు.

స్త్రీల చరిత్రను వెలికి తీయాలన్న ప్రయత్నం తెలుగులో కొత్తది కాదు. భండారు అచ్చమాంబ (1874–1905) అబలా సచ్చరిత్ర రత్నమాలతో ఈ దారి వేసింది. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ ఆంధ్ర కవయిత్రులు గ్రంథంతో దాన్ని వెడల్పు చేసింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక తాను 1851 నుంచి మరణవార్తలు రాయకుండా వదిలేసిన స్త్రీలను గురించి 2018లో వరుసగా రాయడం మొదలుపెట్టినప్పుడు లోకం దాన్ని కొత్త ఆలోచనగా మెచ్చుకుంది గానీ, అచ్చమాంబ ఆ పనికి వందేళ్ళకు పైగా ముందే కూర్చుంది. ఆమె తరహా గ్రంథాల్లో ఒక పరిమితి ఉంది: గొప్ప స్త్రీలను ఒక్కొక్కరిగా ఏరి వరుసలో నిలబెట్టడం వల్ల, పేరు మిగలని సమూహాలు ఆ వరుసలోకి రావు. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో వెలువరించిన మనకు తెలియని మన చరిత్ర తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వారి మాటల్లోనే చెప్పించి ఆ పరిమితిని దాటింది. చిత్తూరు సీమకు ఈ రెండు పద్ధతులూ కలిసిన గ్రంథం కావాలి. సామవైకి శాసనం చదవగలిగినవారు కావాలి, మాతమ్మకు ఆమె మాట వినగలిగినవారు కావాలి. ఈ ఇద్దరినీ ఒకే పుస్తకంలో కూర్చోబెట్టడానికి వెనకాడే చరిత్ర ఎంత పెద్దదైనా సగం చరిత్రే.

ఇందుకు కావలసిన వసతులకు ఈ ప్రాంతంలో కొరత లేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచీ, రాష్ట్రంలో స్త్రీల కోసమే ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచీ తిరుపతిలో పనిచేస్తున్నాయి. శాసన సంపుటాలు అచ్చయి తొంభై యేళ్ళు కావస్తోంది. ఆ సంపుటాల్లోని శాసనాల్లో అధిక భాగం తమిళంలో ఉన్నాయి. తెలుగు, కన్నడ శాసనాలు కలిపి సుమారు 50 మాత్రమే. మొత్తం శాసనాల్లో స్త్రీలు వేయించిన, స్త్రీలను పేర్కొన్న వాటిని ఏరి, సామాన్య పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో వ్యాఖ్యతో ఒక సంపుటంగా తేవడం, వెంగమాంబ ద్విపదలకు ప్రామాణిక విమర్శ రాయించడం, జాతర పాటల స్త్రీల గొంతులను వారి పేర్లతో సహా రికార్డు చేయడం అనే మూడు పనులనూ ఈ రెండు విశ్వవిద్యాలయాలూ, దేవస్థానమూ పంచుకుని చేపట్టాలి. మూడో పని ముందు మొదలుకావాలి. శాసనాలు గోడ మీద ఉంటాయి, పుస్తకాలు బీరువాలో ఉంటాయి, పాటలు తెలిసిన ఆ ముసలివాళ్ళు ఎల్లకాలం ఉండరు.